కంప్యూటర్ ఆన్ చేస్తే హార్డ్ డిస్క్ దొరకట్లేదా? అనంతపురం కస్టమర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురంలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ డెస్క్‌టాప్‌లు బాగుచేసే పని మాది. "హార్డ్ డిస్క్ పోయిందంట, కొత్తది వేయండి" అంటూ మా బల్ల మీదికి వచ్చే సీపీయూల్లో చాలావాటికి డిస్క్ పోయి ఉండదు. కేబుల్ వదులై ఉంటుంది, బ్యాటరీ అయిపోయి ఉంటుంది, లేదంటే వెనకాల ఎవరో పెన్‌డ్రైవ్ మరిచిపోయి ఉంటారు. అసలు నష్టం ఆ తర్వాత జరుగుతుంది. తెలిసినాయన ఒకరు వచ్చి "ఫార్మాట్ కొడితే సరిపోతాది" అని కొట్టేస్తాడు. పిల్లల ఫొటోలు, షాపు లెక్కలు, అన్నీ దాంతోపాటే పోతాయి. ఫోన్‌లో రోజూ చెప్పే జవాబులే ఇక్కడ రాసి పెడుతున్నాం.

నల్ల స్క్రీన్ మీద తెల్ల అక్షరాలతో ఇంగ్లీషులో ఏదో వస్తోంది. డిస్క్ పోయినట్టేనా?

ముందు ఆ స్క్రీన్‌ను ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. "ఏదో ఎర్రర్ వచ్చిందన్నా" అంటే మాకు ఏమీ అర్థం కాదు. ఎర్రర్ మారితే జబ్బూ మారుతుంది.

"రీబూట్ అండ్ సెలెక్ట్ ప్రాపర్ బూట్ డివైస్" అన్నా, "నో బూటబుల్ డివైస్" అన్నా విండోస్ ఉన్న డిస్క్ మదర్‌బోర్డుకు దొరకలేదని అర్థం. డిస్క్ అసలే కనిపించకపోయి ఉండొచ్చు, కనిపించినా దాన్ని వదిలేసి వేరేదాంట్లో వెతుకుతూ ఉండొచ్చు. "బూట్‌ఎంజీఆర్ ఈజ్ మిస్సింగ్" అని వస్తే సగం శుభవార్తే. డిస్క్ కనిపిస్తోంది, చదవగలుగుతోంది కూడా. విండోస్‌ను లేపే ఫైలు మాత్రం చెడిపోయింది, లేదా విండోస్ లేని వేరే డిస్క్ నుంచి లేవాలని చూస్తోంది. అలాంటప్పుడు కేబుళ్లు పీకాల్సిన పని లేదు.

నీలం స్క్రీన్ మీద "ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్" అని వస్తే విండోస్ లేవడం మొదలుపెట్టింది గానీ మధ్యలో డిస్క్‌ను అందుకోలేకపోయింది. ఎక్కువసార్లు ఇది బయోస్ (విండోస్ కంటే ముందు లేచే మదర్‌బోర్డు సొంత ప్రోగ్రామ్) సెట్టింగ్ మారడం వల్ల వస్తుంది. బ్యాటరీ గురించిన ప్రశ్న దగ్గర వివరంగా చెప్పాం.

"స్మార్ట్ స్టేటస్ బ్యాడ్, బ్యాకప్ అండ్ రీప్లేస్" అన్నది మాత్రం డిస్క్ తన గురించి తానే చెప్పుకుంటున్న మాట. అది చూశాక ఎఫ్1 కొట్టి నెలల తరబడి అలాగే వాడుకునేవాళ్లు ఉన్నారు. అలా చేయకండి. ఆ రోజే డేటా కాపీ చేసుకోండి.

బయోస్‌లో చూడమంటారు. ఎట్ల పోవాల, ఏం చూడాల?

ఆన్ చేసిన వెంటనే కీ బోర్డు మీద ఒక బటన్ టకటకా నొక్కుతూ ఉండాలి. గిగాబైట్, ఎంఎస్‌ఐ, ఏసస్ బోర్డులకు డిలీట్ బటన్. డెల్‌కు ఎఫ్2, హెచ్‌పీకి ఎఫ్10, లెనోవో డెస్క్‌టాప్‌లకు ఎక్కువగా ఎఫ్1. వైర్‌లెస్ కీ బోర్డు అయితే కొన్నిసార్లు ఆ సమయానికి పనిచేయదు. పక్కింట్లోంచైనా వైరున్న కీ బోర్డు తెచ్చి పెట్టండి.

లోపలికి వెళ్లాక స్టోరేజ్ అనో, సాటా కాన్ఫిగరేషన్ (మామూలుగా కేబుల్‌తో తగిలించే డిస్కులది) అనో, ఎన్‌వీఎంఈ కాన్ఫిగరేషన్ (బోర్డు మీదే పెట్టే వేగమైన డ్రైవులది) అనో పేరున్న పేజీ వెతకండి. బూట్ ఆర్డర్ (ఏ డిస్క్ నుంచి ముందు లేవాలో చెప్పే వరుస) పేజీ చూసి తీర్పు చెప్పేయకండి. ఖాళీగా ఉన్న కొత్త ఎన్‌వీఎంఈ డ్రైవ్ బూట్ జాబితాలో రాదు, స్టోరేజ్ పేజీలో మాత్రం కనిపిస్తుంది. మీ డిస్క్ కంపెనీ పేరు, మోడల్ నంబర్, సైజు అక్కడ సరిగ్గా ఉంటే డిస్క్ ప్రాణాలతో ఉందన్నమాటే. ఇక గొడవంతా బూట్ సెట్టింగులది, లేదా విండోస్‌ది.

పేరే లేకపోతే కేబుల్, పోర్టు, కరెంటు, చివరికి డిస్క్. ఆ వరుసలోనే వెతకాలి.

మూడో రకం ఒకటుంది. పేరు వస్తుంది గానీ పిచ్చిపిచ్చిగా వస్తుంది, లేదా సైజు సున్నా చూపిస్తుంది. చవక ఎస్‌ఎస్‌డీల్లో (తిరిగే భాగాలు లేని, చిప్పులతో చేసిన డిస్కుల్లో) "సాటాఫర్మ్ ఎస్11" అనే పేరు కనిపిస్తే అది మీరు కొన్న బ్రాండ్ పేరు కాదు. లోపలి కంట్రోలర్ చిప్ తన ఫర్మ్‌వేర్‌ను (తనను నడిపే ప్రోగ్రామ్‌ను) చదవలేక, ఫ్యాక్టరీలో పెట్టిన పేరు చెబుతోంది. అందులోని డేటా ఇంట్లో చేసే చిట్కాలతో బయటికి రాదు. వారంటీ ఉంటే మార్పించుకోండి.

నిన్న రాత్రి బాగానే ఉండె, పొద్దున ఆన్ చేస్తే ఇట్లొచ్చింది. ఏమీ ముట్టుకోలేదు.

వెనకా ముందూ ఉన్న యూఎస్‌బీలన్నీ పీకండి. పెన్‌డ్రైవ్, కార్డ్ రీడర్, ఛార్జింగ్‌కు పెట్టిన ఫోన్, అన్నీ. తర్వాత ఆన్ చేయండి. నవ్వొచ్చే సలహాలా ఉంటుంది గానీ నెట్ సెంటర్ల నుంచి వచ్చే ఫోన్లలో చాలావరకు ఇక్కడితోనే తీరిపోతాయి. ప్రింట్ తీసుకోవడానికి వచ్చినవాళ్ల పెన్‌డ్రైవ్ అలాగే ఉండిపోతుంది, సిస్టమ్ దాంట్లో విండోస్ కోసం వెతుకుతూ కూర్చుంటుంది.

బయోస్‌లో పేరే లేదు. మూత తీసి చూడొచ్చా?

వారంటీ సీలు లేకపోతే నిక్షేపంగా చూడొచ్చు. పవర్ కేబుల్ గోడ దగ్గర పీకేసి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిన కరెంటు దిగిపోతుంది. క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి చేత్తో తాకండి. ఎండాకాలం మన దగ్గర గాలిలో తేమ బాగా తక్కువ, సింథటిక్ బట్టలు కట్టుకుని బోర్డు మీద చెయ్యి పెడితే స్టాటిక్ దెబ్బ తగలొచ్చు.

మామూలు హార్డ్ డిస్క్‌కైనా రెండున్నర అంగుళాల ఎస్‌ఎస్‌డీకైనా రెండు తీగలు వస్తాయి. సన్నది డేటా కేబుల్, అందులో 7 పిన్నులు. వెడల్పుది ఎస్‌ఎంపీఎస్ (సీపీయూలో అన్నిటికీ కరెంటు ఇచ్చే డబ్బా) నుంచి వచ్చే పవర్, అందులో 15 పిన్నులు. రెండింటి మూతీ ఇంగ్లీషు ఎల్ ఆకారంలో ఉంటుంది కాబట్టి తిరగేసి పెట్టడం కుదరదు, బలవంతం చేస్తే డిస్క్ వైపు ప్లాస్టిక్ నాలుక విరిగిపోతుంది. అలా విరిగినవి మా దగ్గరికి వస్తూనే ఉంటాయి. డిస్క్ మంచిదే, మూతి ఉండదు.

డేటా కేబుల్ రెండు కొసలూ తీసి మళ్లీ పెట్టండి. మదర్‌బోర్డు వైపు కొస చాలామంది మరిచిపోతారు. పాత ఎర్ర కేబుళ్లకు లోహపు క్లిప్పు ఉండదు. క్యాబినెట్ ఒకచోట నుంచి ఇంకో చోటికి జరిపితే చాలు, వెంట్రుకవాసి బయటికి వచ్చేస్తాయి, చూపుకు మాత్రం పెట్టినట్టే కనిపిస్తాయి. సాటా కనెక్టర్లను దాదాపు 50 సార్లు పెట్టి తీయడానికే లెక్కేసి తయారుచేశారు, కాబట్టి రోజూ పీకి పెట్టే తీగ కాదు అది. వదులైన కేబుల్‌కు టేపు చుట్టొద్దు, కొత్తది వేయండి. తర్వాత మదర్‌బోర్డు మీద వేరే సాటా పోర్టులోకి మార్చి చూడండి.

ఇప్పుడు పవర్. ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే వేరే పవర్ మూతి పెట్టి ఆన్ చేసి, హార్డ్ డిస్క్ మీద మునివేళ్లు ఆనించండి. తిరిగే డిస్క్ అయితే సన్నటి వణుకు తెలుస్తుంది. వణుకే లేకపోతే పవర్ అందట్లేదు, లేదా డిస్క్ అడుగున ఉన్న పచ్చ బోర్డు కాలిపోయింది. మల్టీమీటర్ ఉన్నవాళ్లు పెద్ద నాలుగు పిన్నుల మూతిలో పసుపు, నలుపు తీగల మధ్య చూడండి. 11.4 నుంచి 12.6 వోల్టుల లోపల ఉండాలి. ఎరుపు, నలుపు మధ్య 4.75 నుంచి 5.25. మోటారు తిరిగేది 12 వోల్టుల మీద, ఎలక్ట్రానిక్స్ నడిచేది 5 వోల్టుల మీద. రెంట్లో ఏది పడిపోయినా డిస్క్ దొరకదు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. పెద్ద నాలుగు పిన్నుల మూతిని సాటాగా మార్చే కన్వర్టర్లలో తీగల చుట్టూ ప్లాస్టిక్ పోతపోసి అతికించినవి వాడకండి. లోపల తీగలు ఒకదానికొకటి తగిలి కరిగిపోయిన సందర్భాలు చాలా ఉన్నాయి. రెండోది ఇంకా ప్రమాదం. తీసి పెట్టుకునే కేబుళ్లున్న ఎస్‌ఎంపీఎస్‌కు వేరే కంపెనీ ఎస్‌ఎంపీఎస్ కేబుల్ పెట్టొద్దు. మూతి సరిపోతుంది, లోపల పిన్నుల వరుస వేరుగా ఉంటుంది. 5 వోల్టులు వెళ్లాల్సిన చోట 12 వోల్టులు వెళితే ఆన్ చేసిన క్షణంలో డిస్కులన్నీ కాలిపోతాయి.

పొద్దున మొదటిసారి దొరకదు. రీస్టార్ట్ కొడితే దొరుకుతుంది. అట్లే వాడుకోవచ్చా?

కొన్నాళ్లు వాడుకోవచ్చు, తర్వాత మా దగ్గరికి రాక తప్పదు.

తిరిగే హార్డ్ డిస్క్ నిలకడ స్థితి నుంచి పూర్తి వేగం అందుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఆ కొద్దిసేపూ మామూలుకంటే చాలా ఎక్కువ కరెంటు లాగుతుంది. పాతబడిన ఎస్‌ఎంపీఎస్ ఆ క్షణంలో తూలిపోతుంది. డిస్క్ వేగం అందుకునేలోపే బయోస్ చూసి వెళ్లిపోతుంది. రీస్టార్ట్ చేసేసరికి డిస్క్ అప్పటికే తిరుగుతూ ఉంటుంది కాబట్టి దొరుకుతుంది. బయోస్‌లో ఫాస్ట్ బూట్ ఆపి చూడండి. దాంతో నయమైతే సరే. కాకపోతే వేరే ఎస్‌ఎంపీఎస్ పెట్టి పరీక్షించాలి. అదీ కాకపోతే డిస్క్ మోటారు బలహీనపడుతున్నట్టే, డేటా ముందు బయటికి తీయండి.

క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చిన ఎస్‌ఎంపీఎస్ మీద మాకు ఏమాత్రం నమ్మకం లేదు. పైన 450 వాట్లని రాసి ఉంటుంది. చేతిలో పట్టుకుంటే బరువే ఉండదు.

ఆన్ చేస్తే తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతాంది, డిస్క్ కూడా దొరకట్లేదు. రెండిటికీ ఏమన్నా సంబంధం ఉందా?

ఉంది, చాలా దగ్గరి సంబంధం. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది, సీఆర్2032, 3 వోల్టులది. గడియారాన్ని నడిపేదీ, చాలా బోర్డుల్లో బయోస్ సెట్టింగులను పట్టి ఉంచేదీ అదే. అది అయిపోతే బయోస్ ఫ్యాక్టరీ సెట్టింగులకు వెళ్లిపోతుంది.

ఫ్యాక్టరీ సెట్టింగుల్లో సాటా మోడ్ (బోర్డు డిస్క్‌తో మాట్లాడే పద్ధతి) మీరు విండోస్ వేసినప్పుడు ఉన్నట్టే ఉండాలని లేదు. విండోస్ ఏహెచ్‌సీఐ మోడ్‌లో వేసి ఉంటారు, బ్యాటరీ పోయాక అది ఐడీఈకో రెయిడ్‌కో మారుతుంది. ఆ మోడ్‌కు కావాల్సిన డ్రైవర్ విండోస్ లేచేటప్పుడు సిద్ధంగా ఉండదు. "ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్" నీలం స్క్రీన్ అలా వస్తుంది. బూట్ ఆర్డర్ కూడా తారుమారు అవుతుంది. రెండు డిస్కులు ఉన్నవాళ్లకు విండోస్ లేని డిస్క్ పైకి వచ్చి కూర్చుంటుంది.

మన ఊళ్లో ఇది పండగల తర్వాత ఎక్కువ కనిపిస్తుంది, దానికి కారణముంది. సీపీయూ ఆఫ్‌లో ఉన్నా గోడ స్విచ్ ఆన్‌లో ఉంటే ఎస్‌ఎంపీఎస్ చిన్న స్టాండ్‌బై కరెంటు ఇస్తూనే ఉంటుంది, బ్యాటరీకి పని ఉండదు. సుభాష్ రోడ్డులోనో ఇంకోచోటో షాపు కట్టేసేటప్పుడు మెయిన్ దించేస్తారు కదా, అప్పటి నుంచి గడియారం మొత్తం బ్యాటరీ మీదే నడుస్తుంది. సంక్రాంతికి నాలుగు రోజులు మూసి తెరిచేసరికి తేదీ తప్పు, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తెరుచుకోదు, డిస్క్ లేదు అంటుంది.

పవర్ తీసేసి బ్యాటరీ మార్చండి, అక్షరాలున్న వైపు పైకి ఉండాలి. బయోస్‌లోకి వెళ్లి తేదీ సరిచేసి, సాటా మోడ్ ఏహెచ్‌సీఐకి మార్చండి, బూట్ ఆర్డర్‌లో మీ డిస్క్ పైన పెట్టి సేవ్ చేయండి. అంతకుముందు ఏ మోడ్ ఉండేదో తెలియకపోతే ఒక్కో మోడ్ పెట్టి లేస్తుందేమో చూడండి. ఇలా మార్చినందువల్ల డేటా పోదు. ఒక్క రెయిడ్ కట్టిన డిస్కుల (కొన్నిటిని కలిపి ఒకటిగా వాడేవాటి) విషయంలో మాత్రం మీరు చేయొద్దు, కట్టినవాళ్లనే పిలవండి.

సెట్టింగ్ మార్చినాక 48 అంకెల తాళం అడుగుతాంది. వైరసా?

వైరస్ కాదు, బిట్‌లాకర్, అంటే డిస్క్‌లోని డేటాకు విండోస్ వేసే తాళం. విండోస్ 11 ఉన్న కొన్ని మెషీన్లలో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయినప్పుడు డిస్క్ తనంతట తానే ఎన్‌క్రిప్ట్ అవుతుంది, చాలామందికి ఆ సంగతే తెలియదు. బయోస్‌లో భద్రత కోసం ఉండే సెక్యూర్ బూటో టీపీఎమ్మో మారితే అనుమానపడి తాళం అడుగుతుంది. ఆ తాళం మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ఫోన్‌లో అదే మెయిల్‌తో లాగిన్ అయి చూసుకోవచ్చు. ఖాతా ఎవరిదో గుర్తులేకపోతే మేము గానీ ఇంకెవరు గానీ తెరవలేం. కాబట్టి బయోస్ ముట్టుకోకముందే తాళం రాసి పెట్టుకోండి.

వీడియో చూసి విండోస్ 11 కోసం ఏవో మార్చినాను. ఇప్పుడు పాత విండోస్ కూడా లేవట్లేదు.

విండోస్ 10కి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయినప్పటి నుంచి ఇలాంటివి బాగా పెరిగాయి. వీడియోలో చెప్పినట్టు సెక్యూర్ బూట్ ఆన్ చేయడం కోసం సీఎస్‌ఎం (పాత పద్ధతిలో లేవనిచ్చే బయోస్ సెట్టింగ్) ఆపేస్తారు. మీ డిస్క్ భాగాల పట్టిక పాత ఎంబీఆర్ పద్ధతిలో ఉంటే సీఎస్‌ఎం లేకుండా దాని నుంచి లేవడం కుదరదు. డిస్క్ అక్కడే ఉంటుంది, బూట్ జాబితాలోంచి మాయమవుతుంది.

మళ్లీ బయోస్‌లోకి వెళ్లి సీఎస్‌ఎం ఆన్ చేయండి. పాత విండోస్ మామూలుగా లేస్తుంది. తర్వాత డేటా వేరేచోట కాపీ చేసి పెట్టుకుని, విండోస్‌లోనే ఉన్న ఎంబీఆర్2జీపీటీ అనే పనిముట్టుతో డిస్క్‌ను కొత్త పద్ధతి అయిన జీపీటీకి మార్చి, ఆ తర్వాతే సీఎస్‌ఎం ఆపాలి. వీడియోల్లో చాలావాటిలో ఈ వరుస ఉండదు.

పాత సీపీయూలోంచి డిస్క్ తీసి కొత్తదాంట్లో పెట్టినప్పుడు లేవకపోవడానికీ తరచుగా ఇదే కారణం. కొత్త బోర్డుల్లో చాలావాటిలో సీఎస్‌ఎం అసలే పనిచేయదు.

కొత్త ఎస్‌ఎస్‌డీ పెట్టినా. కనిపించట్లేదు. డబ్బులు దండగైనట్టేనా?

ఏ ఎస్‌ఎస్‌డీ, ఏ బోర్డు? బెంగుళూరు ఎస్‌పీ రోడ్డుకు పోయినవాళ్లు, ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవాళ్లు ముందు ఈ రెండు ప్రశ్నలకు జవాబు తెలుసుకోవాలి.

చూయింగ్ గమ్ పట్టీలాగా ఉండే ఎం.2 కార్డులు రెండు రకాలు, సాటా ఒకటి, ఎన్‌వీఎంఈ ఒకటి. మూతి దగ్గర రెండు గాట్లు ఉంటే ఎక్కువగా సాటా, ఒకటే గాటు ఉంటే ఎక్కువగా ఎన్‌వీఎంఈ. కొన్ని బోర్డుల స్లాటు రెంట్లో ఒకటే తీసుకుంటుంది. కార్డు లోపలికి పోతుంది, స్క్రూ కూడా పడుతుంది, కనిపించడం మాత్రం ఉండదు. మదర్‌బోర్డు మాన్యువల్ కంపెనీ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది, స్లాటు కింద ఏ రకమో రాసి ఉంటుంది.

ఆఫీసులు వదిలించుకున్న పాత సీపీయూలు కొన్నవాళ్లలో చాలామంది దగ్గర హెచ్61, హెచ్81 అనే పాత రకం బోర్డులు ఉంటాయి. వాటికి ఎం.2 స్లాటే ఉండదు. పీసీఐఈ స్లాటులోకి (గ్రాఫిక్స్ కార్డు లాంటివి పెట్టే చోట) అడాప్టర్ పెట్టి ఎన్‌వీఎంఈ వేస్తే విండోస్ లేచాక డేటా డ్రైవ్‌గా కనిపించొచ్చు, దాని నుంచి బూట్ అవడం మాత్రం మామూలుగా కుదరదు. ఆ కాలపు బయోస్‌కు ఎన్‌వీఎంఈ అంటే ఏమిటో తెలియదు. ఆ బోర్డులకు రెండున్నర అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీయే మేలు. హెచ్61లో సాటా వేగం సెకనుకు 3 గిగాబిట్లే గానీ తిరిగే డిస్క్ నుంచి మారినవాళ్లకు ఆ తేడా ఏమీ అడ్డం కాదు.

ఇంకో చిక్కు. ధర్మవరంలో పట్టుచీరల అంచులు, కొంగుల డిజైన్లు కంప్యూటర్‌లో వేసే ఒక తమ్ముడు ఎం.2 ఎస్‌ఎస్‌డీ కొత్తగా పెట్టించుకున్నాడు. విండోస్ వేగంగా లేచింది, కానీ ఏళ్ల తరబడి వేసిన డిజైన్లున్న పాత హార్డ్ డిస్క్ మాయమైంది. వేసినవాళ్లు డిస్క్ పోయిందన్నారంట. క్యాబినెట్ తెరిస్తే డిస్క్ తిరుగుతూనే ఉంది, దాని కేబుల్ ఐదో సాటా పోర్టులో ఉంది. చాలా బోర్డుల్లో ఎం.2 స్లాటు వాడితే ఒకటి రెండు సాటా పోర్టులు ఆగిపోతాయి, దారి ఒకటే కాబట్టి. కేబుల్ రెండో పోర్టుకు మార్చగానే డిజైన్లన్నీ వచ్చేశాయి. ఏ పోర్టులు ఆగిపోతాయో మాన్యువల్‌లో చిన్న అక్షరాలతో రాసి ఉంటుంది.

ఇక బయోస్‌లో ఉండి, విండోస్‌లో మాత్రం కనిపించని కొత్త డ్రైవ్ గురించి. సరికొత్త డ్రైవ్‌కు పార్టిషన్ (డేటా పెట్టుకోవడానికి గీసిన భాగం) ఉండదు. విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఇనిషియలైజ్ చేసి (వాడకానికి సిద్ధం చేసి), జీపీటీ ఎంచుకుని, పార్టిషన్ చేస్తే వస్తుంది. సరికొత్తదానికి మాత్రమే ఈ మాట.

పాత డిస్క్‌కే "ఇనిషియలైజ్ చేయాలా?" అని అడుగుతోంది. లేదంటే "ఫార్మాట్ చేయాలి" అంటోంది.

క్యాన్సిల్ కొట్టండి.

డేటా ఉన్న డిస్క్ ఇనిషియలైజ్ చేయమంటోందంటే పార్టిషన్ పట్టిక చదవలేకపోతోంది. "రా" (ఇంగ్లీషులో RAW) అని చూపిస్తోందంటే పార్టిషన్ ఉంది, లోపలి ఫైలు సిస్టమ్ దెబ్బతింది. రెండు సందర్భాల్లోనూ డేటా చాలావరకు అక్కడే ఉంటుంది. ఓకే కొట్టిన తర్వాత దాన్ని తీయడం కష్టమవుతుంది, ఖర్చూ పెరుగుతుంది.

నెట్‌లో చాలాచోట్ల చెక్‌డిస్క్ (డిస్క్‌లో తప్పులు వెతికి సరిచేసే విండోస్ పనిముట్టు) నడపమంటారు. మంచి డిస్క్ మీద అది మంచి పనిముట్టే. ప్రాణం పోతున్న డిస్క్ మీద నడిపితే గంటల తరబడి డిస్క్‌ను అరగదీస్తుంది, సగం ఫైళ్లకు పేర్లు పోగొట్టి ముక్కలుగా వదిలిపెడుతుంది. ముందు డిస్క్ మొత్తాన్ని వేరే డిస్క్ మీదికి అచ్చుగుద్దినట్టు కాపీ తీయాలి, ప్రయోగాలు ఏవైనా ఆ కాపీ మీదే చేయాలి.

విండోస్ పెన్‌డ్రైవ్‌తో వేస్తుంటే "ఏ డ్రైవూ దొరకలేదు" అంటోంది. బయోస్‌లో మాత్రం ఉంది.

ఇంటెల్ 11వ తరం, ఆ తర్వాతి మెషీన్లలో ఇది మామూలే. బయోస్‌లో వీఎండీ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే విండోస్ ఇన్‌స్టాలర్‌కు డ్రైవ్ కనిపించదు. కంపెనీ వెబ్‌సైట్ నుంచి ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ దించుకుని, విప్పి, అదే పెన్‌డ్రైవ్‌లో పెట్టి, "లోడ్ డ్రైవర్" నొక్కి చూపించండి. లేదా కొత్తగా విండోస్ వేస్తున్నారు కాబట్టి వీఎండీ ఆపేసినా సరిపోతుంది. ఇప్పటికే విండోస్ ఉన్న మెషీన్‌లో మాత్రం వీఎండీ ఊరికే ఆపొద్దు, ఆ విండోస్ లేవదు.

హార్డ్ డిస్క్ టక్ టక్ అంటాంది.

పవర్ తీసేయండి, ఇంకోసారి ఆన్ చేసి చూడాలన్న కోరిక కూడా ఆపుకోండి. లోపల హెడ్ చదవడానికి ప్రయత్నించి, విఫలమై, వెనక్కి వచ్చి గోడకు తగులుతున్న శబ్దం అది. హెడ్ పళ్లెం మీద కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతూ ఉంటుంది. అది దెబ్బతిని పళ్లానికి రాసుకుంటుంటే మీరు ఆన్ చేసిన ప్రతిసారీ కొంత డేటా పొడిగా మారిపోతుంది. ఫ్రిజ్‌లో పెట్టడం, అరచేత్తో తట్టడం లాంటివి చేయొద్దు. మూత విప్పడం అసలే వద్దు. మన గాలిలో ఉన్న దుమ్ము ఒక్క రేణువు చాలు.

ఇలాంటివి మేము కూడా విప్పం. దుమ్ము లేని గది, విడి హెడ్లు ఉన్న రికవరీ ల్యాబులు బెంగుళూరులో ఉన్నాయి. ఖర్చు వేలల్లో ఉంటుంది, పెద్ద దెబ్బైతే ఇంకా ఎక్కువ. చూసి, ఎంతవుతుందో ముందే చెప్పేవాళ్ల దగ్గరికే వెళ్లండి. ఆ డేటా లేకున్నా పర్లేదనుకుంటే అంత ఖర్చు పెట్టొద్దనే మా సలహా. కూతురి పెళ్లి ఫొటోలు అయితే మాత్రం లెక్క వేరు.

కరెంటు పోయి వచ్చినాక ఎస్‌ఎస్‌డీ కనిపించట్లేదు. కాలిపోయినట్టేనా?

తప్పనిసరిగా కాలిపోయిందని కాదు. రాస్తూ ఉండగా కరెంటు పోతే కొన్ని ఎస్‌ఎస్‌డీలు తమ లోపలి పట్టికను సరిచేసుకోవడానికి సమయం తీసుకుంటాయి. డేటా కేబుల్ తీసేసి, పవర్ మాత్రం పెట్టి, ఓ అరగంట అలాగే ఆన్‌లో ఉంచండి. ఆఫ్ చేసి అర నిమిషం ఆగండి. ఇంకోసారి అలాగే చేసి, తర్వాత డేటా కేబుల్ పెట్టి చూడండి. ఎం.2 కార్డు అయితే కేబుల్ ఉండదు కాబట్టి బయోస్ స్క్రీన్‌లోనే అరగంట వదిలేయండి. అన్నిటికీ పనిచేయదు, కానీ ఖర్చు లేని ప్రయత్నం.

యూపీఎస్ పెట్టుకోండి, అంతకంటే ముందు ఎర్తింగ్ చూపించుకోండి. క్యాబినెట్ తాకితే చేతికి చిమచిమ అంటోందంటే మీ ఇంటి ఎర్త్ పనిచేయట్లేదు. మూడో పిన్ను తుంచేసిన ఎక్స్‌టెన్షన్ బోర్డులు ఈ ఊళ్లో ఎన్ని చూశామో.

దుమ్ము వల్ల కూడా డిస్క్ దొరక్కుండా పోతుందా?

నేరుగా కాదు, కనెక్టర్లలో చేరితే పోతుంది. శెనక్కాయల మిల్లుల నుంచి వచ్చే సీపీయూలు తెరిస్తే లోపల ఎర్ర పొట్టు అట్ట కట్టి ఉంటుంది. ఆ పొట్టుకు వేడి బయటికి పోదు. వేసవిలో గదే నలభై డిగ్రీలు ఉంటే లోపల డిస్క్ అరవైకి దగ్గరవుతుంది. చాలా హార్డ్ డిస్కులకు కంపెనీలు ఇచ్చిన హద్దు అదే. మెత్తటి బ్రష్షుతో, బ్లోయర్‌తో బయట వరండాలో శుభ్రం చేయండి. బ్లోయర్ పెట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో ఆపి పట్టుకోండి.

వెనకాల కార్డు స్లాట్ల రేకులు ఊడిపోయి ఉంటే మూయించండి. ఎలుకలు అక్కడి నుంచే దూరతాయి, సాటా కేబుల్ కొరకడం వాటికి సరదా.

డిస్క్ ఆరోగ్యం ముందే తెలుసుకునే మార్గం ఉందా?

క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకోండి. అందులో తిరిగే డిస్కులకు నాలుగు వరుసలు చూస్తే చాలు. 05 అంటే చెడిపోయి పక్కన పెట్టిన సెక్టార్లు, 197 చెడేలా ఉన్నవి, సాఫ్ట్‌వేర్‌లో సీ5 అని కనిపిస్తుంది. 198 చదవలేకపోయినవి, సీ6. ఈ మూడు సున్నా కాకుండా, వారం వారం పెరుగుతుంటే కొత్త డిస్క్‌కు డబ్బులు సిద్ధం చేసుకోండి. 199, అంటే సీ7, పెరుగుతుంటే మాత్రం డిస్క్‌ను తిట్టొద్దు. అది డేటా దారిలో వచ్చే తప్పుల లెక్క, ఎక్కువసార్లు కేబుల్ మారిస్తే ఆగిపోతుంది. పాత అంకె మాత్రం అలాగే ఉంటుంది, తగ్గదు.

మా ఆఫీసులో చానా పాత సిస్టమ్ ఉంది, వెడల్పు పట్టీ కేబుల్ ఉన్నది.

అది ఐడీఈ, సాటా రాకముందు ఉన్న పాత రకం. డిస్క్ వెనకాల చిన్న జంపర్ ఉంటుంది, మాస్టర్ అనో స్లేవ్ అనో. ఒకే కేబుల్ మీద రెండూ మాస్టర్‌గా ఉంటే రెండూ దొరకవు. అందులోని రికార్డులు యూఎస్‌బీ కన్వర్టర్‌తో వెంటనే బయటికి తీసి పెట్టుకోండి.

షాపుకు తెచ్చేటప్పుడు ఏం తేవాల?

సీపీయూ, దాని బిల్లు, ఎర్రర్ ఫొటో. మానిటర్, కీ బోర్డు అక్కర్లేదు. కదిరి, తాడిపత్రి లాంటి చోట్ల నుంచి బస్సులో తెస్తుంటే సీపీయూ మొత్తం మోయకుండా డిస్క్ ఒక్కటే తీసి తెచ్చినా చాలాసార్లు సరిపోతుంది. మెత్తటి బట్టలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని రండి, పైన సామాన్ల రాక్‌లో వద్దు. వారంటీ ఉంటే కంపెనీ డిస్క్ మార్చి ఇస్తుంది గానీ అందులోని డేటా తిరిగి ఇవ్వదు, కాబట్టి డేటా కావాలా డిస్క్ కావాలా అన్నది ఇంట్లోనే అందరూ మాట్లాడుకుని రండి. బిట్‌లాకర్ తాళమో విండోస్ పాస్‌వర్డో ఉంటే కాగితం మీద రాసి డిస్క్‌కు అంటించకండి, మాకు అవసరమైనప్పుడు ఫోన్ చేసి అడుగుతాం.